కారుకు బంగారం పెట్టిన దసరా

ఆ రోజుల్లో కారుకు జబ్బు చేస్తే మనుషులు కారు వైపు చూసేవాళ్లు. ఇప్పుడు చేతిలో ఉన్న అద్దం పలక వైపు చూస్తున్నారు. ముసలితనంతో అంటున్నాడని అనుకునేవాళ్లు అనుకోండి, నాకు పట్టింపు లేదు. నేను కోపంతో అంటున్నాను. పోయిన నెల నా కారు (ఇరవై ఏళ్లది, నా మోకాళ్ల కన్నా నయం) మెల్లగా పోయేటప్పుడు బలం చాలక కుదపడం మొదలుపెట్టింది. వేగం అందుకుంటే ఏ బాధా లేదు. మా రేగొండ నుంచి భూపాలపల్లికి తోలుకుపోయి ఒక షెడ్డులో చూపించాను. అక్కడి మెకానిక్‌కు ముప్పై ఏళ్లుంటాయి. మీసం చక్కగా దువ్వుకున్నాడు, చేతులకు మసి లేదు. మసి లేని మెకానిక్‌ను చూడగానే నాకు సగం కోపం వచ్చింది. మిగతా సగం అతను నోరు తెరవగానే వచ్చింది.

"బానెట్ కింద మీరేమన్న ఇప్పిన్రా అంకుల్?" అని అడిగాడు.

"నాకేం పని" అన్నాను.

బాపు అనొచ్చు, తాత అనొచ్చు, ఏమీ అనకుండా కూడా ఉండొచ్చు. అంకుల్ ఏమిటి? అతను స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి, పలక చూసి, సెన్సార్ పోయిందన్నాడు. మార్చాడు. కుదుపు పోలేదు. ఇంకో సామాను పేరు చెప్పాడు. అదీ మార్చాడు. కుదుపు అట్లాగే ఉంది. మూడోసారి పోయినప్పుడు ఆపుకోలేకపోయాను.

"ఇంజన్ కాడ చెవి వెట్టి ఒక్కపారన్న ఇన్నవా?"

"ఏం ఇనాలె అంకుల్. అన్నీ స్క్రీన్ల వస్తయి."

"మరి కుదుపు వచ్చిందా స్క్రీన్ల?"

"రాలే" అన్నాడు నిజాయితీగా. "గదే పరేషాన్ అయితున్న."

ఇంటికి వచ్చి ఆ పూట అన్నం కూడా కోపంతోనే తిన్నాను. పరీక్ష చేయకుండా సామాను మార్చేవాడు మెకానిక్ ఎట్లా అవుతాడు, వాడు సామాన్ల దుకాణం వాడు కదా అని ఇంటామెతో గంటసేపు వాదించాను. ఆమె నా మాట కాదనలేదు, అయినా వాదించాను. చివరికి ఆమె పళ్లెం తీస్తూ ఒకే మాట అన్నది: "నీ కోపం ఆ పిలగాని మీద గానట్టున్నది." అక్కడే నాకు చెవుల మేస్త్రి గుర్తుకొచ్చాడు. గుర్తుకొచ్చాడని కాదు, ఆయన నన్ను వదిలిపెట్టి ఎప్పుడు పోయాడు గనక.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మా సొంతూరు కొడకండ్ల. నాగలి పట్టాల్సిన చేతులతో స్టీరింగు పట్టానని మా నాయినకు మంట (మా ఇంట్లో కోపానికి ఏనాడూ కరువు లేదు). "ఇయ్యాల కారంటవ్, రేపు మళ్ల ఎడ్ల కాడికే వస్తవ్. అప్పటికి ఎడ్లు గూడ నిన్ను గుర్తువట్టయి" అనేవాడు. అందుకని ఉద్యోగం పోవడమంటే నాకు జీతం పోవడం కాదు. మా నాయిన మాట నిజం కావడం. దానికన్నా నేను కారు కింద పడుకోవడానికైనా సిద్ధమే. మహబూబాబాద్ పక్క ఊళ్లో ఒక పటేల్ దగ్గర డ్రైవరుగా కుదిరాను. పెద్ద గొంతు, పెద్ద తలపాగా, మనసు మాత్రం మంచిది. ఆయన కారు తెల్లది, అంటే ఒకప్పుడు తెల్లది. పటేల్ కన్నా రెండేళ్లే చిన్నదని ఊళ్లో అనేవాళ్లు.

నా చదువు నాలుగో తరగతి. ఆ పైదంతా నాకు నేను చెప్పుకున్న చదువే, దాని గురించి ఎవరేమన్నా నేను ఊరుకోను. మోటారు బండ్ల మరమ్మతు మీద ఒక తెలుగు పుస్తకం అంగట్లో పాత కాగితాలవాడి దగ్గర దొరికింది. మొదటి నలభై పేజీలు లేవు. నలభై ఒకటో పేజీ కరెంటుతో మొదలవుతుంది: ప్లగ్గులు, పాయింట్లు, కాయిల్. గాలి, పెట్రోలు, ఆ రెండింటినీ కలిపి ఇంజన్‌కు తాగించే కార్బురేటర్, ఇవన్నీ ఆ పోయిన నలభై పేజీల్లో ఉండిపోయాయి. వాటిలో ఎవరో పల్లీలు కట్టి అమ్ముకున్నారు. అందువల్ల నా లెక్క ప్రకారం లోకంలో కార్లకు వచ్చే రోగాలన్నీ కరెంటు రోగాలే. ఆ పుస్తకం నాకు నోటికి వచ్చు. నలభై ఒకటి నుంచి.

ఇక దసరా. మా వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. ఆ ఏడు పొద్దున్నే కారు కడిగాను, పసుపు కుంకుమ పెట్టాను, ఇంజన్ మీద ఉండే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి దుమ్ము దులిపి ఎండలో పెట్టాను. సాయంత్రం జమ్మి దగ్గర నుంచి నేరుగా కారు దగ్గరికే వచ్చాను. నాయిన కన్నా ముందు, పటేల్ కన్నా ముందు, మొదటి బంగారం కారుకే పెట్టి, బంపర్‌కు మొక్కి, డబ్బా మూత బిగించాను. నాకు అన్నం పెట్టేది అదే కదా అని. ఆ సంగతి తెలిసి పటేల్ భార్య కూడా "ఎంత భక్తి ఉన్నది పోరనికి" అని మెచ్చుకున్నది. మెచ్చుకోకుండా ఉంటే బాగుండేది.

వారం తిరిగేసరికి కారు తిక్క మొదలుపెట్టింది. తార్రోడ్డు మీద వేగంగా పోతే గుర్రం. ఊళ్లోకి వచ్చి మెల్లగా పోతే దగ్గుతుంది, కుదుపుతుంది, ఆగిపోతుంది. ఒకరోజు బర్లమంద అడ్డం వచ్చింది. హారన్ కొట్టుకుంటూ వాటి వెనక నడక వేగంతో పోతుంటే మూడుసార్లు ఆగింది.

"ఏందిర ఇది" అన్నాడు పటేల్. "బర్రె ఎనుక వోలేని కారును ఏం జేస్కోను?"

ఆ రోజుల్లోనే నేనొక రహస్యం కనిపెట్టాను. చోకు అని ఒక పిడి ఉండేది. దాన్ని బయటికి గుంజితే ఇంజన్‌కు గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ అందుతుంది. చలికాలం పొద్దున బండిని లేపడానికే తప్ప దాన్ని ముట్టకూడదు. అది వేలెడు గుంజి పట్టుకుంటే బండి మెల్లగా కూడా కుదురుగా పోయేది. ఎందుకో నాకు తెలియదు (ఆ నలభై పేజీల్లో ఉండి ఉంటుంది). తెలియనిదాన్ని ఒప్పుకోవడం ఎట్లాగో నా పుస్తకంలో లేదు కాబట్టి, ఎడమ చేత్తో పిడి గుంజి పట్టుకుని, కుడి చేత్తో స్టీరింగు తిప్పుతూ, మొహం మామూలుగా పెట్టుకుని నెల గడిపాను. గేరు మార్చాలంటే మోకాలితో స్టీరింగు పట్టేవాణ్ని. వెనక కూర్చున్న పటేల్‌కు అది నా నైపుణ్యంలా కనిపించేది.

ఆ ఏడే ఎన్నికలొచ్చాయి, పటేల్ నిలబడ్డాడు. మానుకోటలో (మహబూబాబాద్‌ను మేమట్లానే పిలుస్తాం) నామినేషన్ వేయాలి. బ్యాండు ముందు, కారు నడుమ, జనం వెనక, రైల్వే గేటు నుంచి ఆఫీసు దాకా ఊరేగింపు. అంటే మనిషి నడక వేగం. అంటే నా కారు ప్రాణం వదిలే వేగం.

"ఇగో ఇను" అన్నాడు పటేల్. "మానుకోటల ఎవలో మేస్త్రి ఉన్నడట, చూపియ్యి. ఆనాడు నడుమల బండి ఆగిందనుకో, చాబీ నా చేతుల వెట్టి కొడకండ్ల బస్సెక్కు. నాకు పది ఊర్ల ముంగట ఇజ్జత్ వోవద్దు."

ఆ మేస్త్రిని చెవుల మేస్త్రి అనేవాళ్లు. ఒక రబ్బరు గొట్టం చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఇంజన్ మీద తిప్పుతూ వినేవాడు. తండా మనిషి. పని చేసేటప్పుడు తన ఇంటి భాషలో ఇంజన్‌తో గొణుక్కునేవాడు. అది నన్ను తిట్టడమేనని నేను వెంటనే నిశ్చయించుకున్నాను. బడి మొహం చూడనివాడు, తండా నుంచి వచ్చినవాడు, పుస్తకం చదివిన నావల్ల కాని వైద్యం నా కారుకు చేస్తాడా అని నా లోపల ఒకడు మీసం తిప్పుతున్నాడు. కోస్తా సినిమాల వాళ్లు మా మాటను దొంగలకూ తాగుబోతులకూ ఇస్తే మండిపడే నేనే, ఆయన మాట విని లోపల నవ్వుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఆయన ఏ సామానూ మార్చలేదు. అదే నాకు అనుమానం. ముందు ఇంజన్ నడుస్తుండగానే గొట్టంతో పైపుల అతుకులన్నీ విని, సందుల్లోంచి దూరే దొంగగాలి ఎక్కడా లేదన్నాడు. తర్వాత ప్లగ్గులు తీశాడు. ఒక్కొక్క రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి నన్ను ఇంజన్ తిప్పమన్నాడు. వేలు ఎగిరిపడింది. "దమ్మున్నది" అన్నాడు. ప్లగ్గును ఇనుముకు ఆనించి చూశాడు. "నిప్పు మంచిగనే వడుతున్నది." అంటే కరెంటు బాగుందని. అక్కడ నా పుస్తకం అయిపోయింది, నా మొహం మాడింది. ప్లగ్గు మొనను ఎండలో పెట్టి చూశాడు. "తెల్లగున్నది. దీనికి పెట్రోలు సాలుత లేదు. మెల్లగ వోయేటప్పుడే గద కుదుపుడు?"

"ఆ."

"చోకు గుంజితే ఎట్లుంటది?"

షెడ్డు ముందు ఇద్దరు లారీ డ్రైవర్లు చాయ్ తాగుతూ మావైపే చూస్తున్నారు. చోకు మీద బండి నడుపుతున్నానని వాళ్ల ముందు చెప్పుకోవడమా?

"చోకు ముట్టే డ్రైవర్‌ను గాను నేను" అన్నాను.

"ముట్టలేవా?"

"ముట్టలే."

ఆయన తల లోపలికి పెట్టి చూశాడు. "తతిమ్మ పిడులన్ని దుమ్ము వట్టినయి. గిదొక్కటి తళతళ మెరుస్తున్నది" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. లారీ డ్రైవర్లు నవ్వారు. తర్వాత ఆయన పానా చేతిలోకి తీసుకుని, "కార్బురేటర్ ఇప్పాలె" అన్నాడు.

నాకు కోపం రావడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. "ఎందుకు ఇప్పుతవో నాకు తెల్వదా. మంచి సామాను తీసి తుక్కు వెడ్తవ్. నేను పుస్తకం చదివినోన్ని."

"ఏం పుస్తకం?"

"మోటారు పుస్తకం."

"అండ్ల కార్బురేటర్ గురించి ఏం రాసిన్రు?"

ఆ పేజీలు పల్లీలతో పోయాయి కాబట్టి ఆయనను దొంగ అన్నాను. గట్టిగానే అన్నాను. లారీ డ్రైవర్లు చాయ్ గ్లాసులు కింద పెట్టారు. ఆయన పానా గోడకు తగిలించి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ప్లగ్గులు ఒక్కొక్కటే మళ్లీ బిగించి ఇచ్చాడు. "తీస్కపో బిడ్డా. బండికి ఏం కోపం లేదు, నీకే ఉన్నది."

పటేల్‌తో మరమ్మతు అయిపోయిందని చెప్పాను. తర్వాత నా పుస్తకం ప్రకారం వైద్యం మొదలుపెట్టాను. ప్లగ్గులు మార్చాను. పాయింట్లు మార్చాను. కాయిల్ మార్చాను, తీగలు మార్చాను. కరెంటు విషయంలో చుట్టుపక్కల నా కారంత ఆరోగ్యమైన కారు ఇంకోటి లేదు. కుదుపు మాత్రం ఒక్క వెంట్రుకంత కూడా తగ్గలేదు. చోకు ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

నామినేషన్ రోజు రైల్వే గేటు దగ్గర బ్యాండు మొదలైంది. పటేల్ మెడలో దండలతో నా పక్కన నిలబడి, తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టి, చేయి ఊపుతున్నాడు. నేను పిడి గుంజి పట్టుకుని నెమ్మదిగా పోనిస్తున్నాను. జనం పెరిగేకొద్దీ వేగం తగ్గింది, వేగం తగ్గేకొద్దీ పిడి ఇంకొంచెం గుంజాను. సరిగ్గా అవతలి అభ్యర్థి మనుషులు కూర్చునే చాయ్ హోటల్ ముందుకు రాగానే పిడి, దాని వెనక మూరెడు తీగ, రెండూ ఊడి నా చేతికి వచ్చాయి. కారు ఒకసారి దగ్గి ఆగిపోయింది. బ్యాండువాళ్లకు తెలియక వాయించుకుంటూ ముందుకు వెళ్లిపోయారు.

"ఏంది పటేలా, ఓటేసెటోళ్ల కన్న ముందుగాల నెట్టేటోళ్లను ఏరుకుంటున్నవా?" అని హోటల్లోంచి ఒకడు అడిగాడు.

"ఒక్క చెయ్యి మేం గూడ వెడ్తం, కని ఓటు మాత్రం అడగొద్దు" అన్నాడు ఇంకొకడు.

పటేల్ ఆ పెద్ద గొంతుతో తిట్టి ఉంటే నాకు ఊపిరి ఆడేది. దిగాడు, తలపాగా సర్దుకున్నాడు, నా వైపు చేయి చాపాడు. "చాబీ." ఇచ్చాను. జేబులో వేసుకుని, దండలతోనే, దుమ్ములో బ్యాండు వెనక నడిచిపోయాడు. మా నాయిన ఎడ్ల దగ్గర నిలబడి నవ్వుతున్నట్టు నాకు అక్కడే కనిపించింది. నలుగురు కారును నెట్టి దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క షెడ్డు ముందు వదిలి, ఊరేగింపు అందుకోవడానికి పరుగెత్తారు. అది ఎవరి షెడ్డో చెప్పనక్కర్లేదు.

చెవుల మేస్త్రి బయటికి వచ్చి కారును చూడలేదు, నా చేతిలో ఉన్న పిడిని చూశాడు.

"ముట్టలేదంటివి."

"ముట్టిన" అన్నాను.

"ఎన్ని దినాల సంది?"

"దసరా సంది."

"దసరా నాడు ఏం జేసినవ్?"

"కడిగిన. పూజ జేసిన."

ఆయన నేరుగా బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాడు. దాని అడుగున, కార్బురేటర్ నోటి పక్కన, ఆకులన్నీ రాలిపోయిన ఒక ఎండు పుల్ల ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి కార్బురేటర్ విప్పాడు. విప్పుతూనే, నేను అడగకపోయినా చెప్పాడు: దీనికి రెండు జెట్లు ఉంటాయి, పెద్ద రంధ్రం వేగంగా పోయేటప్పుడు పెట్రోలు పోస్తుంది, చిన్న రంధ్రం మెల్లగా పోయేటప్పుడు. చిన్న జెట్టు తీసి ఆకాశం వైపు పెట్టి నన్ను చూడమన్నాడు. వెలుతురు రాలేదు. నోటితో గట్టిగా ఊది, అరచేయి చాపాడు. ఆవగింజలో సగం ఉంటుంది, జమ్మి ఆకు ముక్క.

"బంగారం వెట్టినవా దీనికి?"

"పెట్టిన."

"ఏడ?"

"నోట్లె" అన్నాను.

అప్పుడాయన నవ్వితే నా బతుకు సుఖంగా ఉండేది. నవ్వలేదు. ఆ ముక్కను కింద పడేయకుండా, నుదుటికి తాకించుకుని కిటికీ మీద పెట్టాడు. అన్నీ బిగించాడు. ఇంజన్ చోకు లేకుండా, పిడి లేకుండా, మెల్లగా, పిల్లి గుర్రుమన్నట్టు తిరుగుతూ ఉంది (ఆయనకు చాబీ అవసరం పడలేదు, రెండు తీగలు కలిపాడు, ఆ విద్య కూడా నా పుస్తకంలో లేదు). అంతలో నామినేషన్ వేసి పటేల్ వచ్చాడు. కాళ్ల నిండా దుమ్ము. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, బస్సు ఎన్ని గంటలకో ఆలోచిస్తూ.

"ఏమైందట?" అన్నాడు పటేల్, నన్ను కాదు, మేస్త్రిని.

దొంగ అని నలుగురిలో అన్నవాణ్ని ఒక్క మాటతో కొడకండ్ల బస్సెక్కించే అవకాశం ఆయనకు అప్పుడు వచ్చింది. "చెత్త వడ్డది పటేలా, తీసిన" అన్నాడు. "ఎవలి తప్పు గాదు. పిలగాడు బండిని పానం లెక్క చూస్కుంటున్నడు. గంతే, జర ఎక్కువ చూస్కుంటున్నడు."

పటేల్ జేబులోంచి చాబీ తీసి నా చేతిలో పడేశాడు. "నడువు, ఆకలైతున్నది" అన్నాడు. నా ఉద్యోగం నిలబడింది. మా నాయిన మాట ఓడింది. కానీ ఆ సాయంత్రం నాకు వచ్చినంత కోపం జన్మలో రాలేదు. తిట్టవచ్చు కదా ఆ మనిషి? దొంగ అన్నవాణ్ని ఒక చెంపదెబ్బ కొట్టవచ్చు కదా? కొడితే లెక్క సరిపోయేది. అట్లా వదిలేసి జీవితాంతం నా నెత్తి మీద కూర్చునే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? క్షమించమని ఆ రోజు నేను అడగలేదు. ఇంటిదాకా కారు నడక వేగంతో పోనిచ్చాను, వెనక బర్లు వస్తుంటే వాటికి దారి కూడా ఇచ్చాను. (పటేల్ ఓడిపోయాడు. నెట్టిన నలుగురు కూడా ఓటెయ్యలేదని ఆయన అనుమానం.)

మరుసటి దసరాకు జమ్మి ఆకు పట్టుకుని, నాయిన కన్నా ముందు, పటేల్ కన్నా ముందు, మానుకోట షెడ్డుకు పోయాను. ఆయన కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లే కనిపిస్తున్నాయి. సరే, మొక్కాల్సినవి అవే కదా అని వాటికే మొక్కాను. ఆయన ఉలిక్కిపడి బయటికి వచ్చాడు. నేను బంగారం చాపాను. ఆయన నా మొహం చూశాడు, ఆకు చూశాడు, మసి చేయి అంగీకి తుడుచుకుని చాపాడు.

"నోట్లె వెట్టకు బిడ్డా" అన్నాడు. "చేతుల వెట్టు."

అప్పుడు నవ్వాడు. ఏడాది దాచుకుని నవ్వాడు.

ఇంతవరకు రాసి లేచి, ఇంటి ముందున్న నా కారు దగ్గరికి పోయాను. బండి స్టార్ట్ చేసి, చెవిలో రబ్బరు గొట్టం పెట్టుకుని, రెండో చివర ఇంజన్ మీదంతా తిప్పాను. ఒకచోట సన్నగా, పాము బుసలాంటి చప్పుడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక వేలెడంత రబ్బరు పైపు ఊడి వేలాడుతోంది. అందులోంచి దొంగగాలి దూరుతోంది. వేగంలో దాని దెబ్బ తెలియదు, మెల్లగా పోయేటప్పుడే బలం లాగేస్తుంది. పైపు తొడిగాను, కుదుపు పోయింది. ఆ డబ్బాను కుదుపు మొదలయ్యే ముందు వారం విప్పి దుమ్ము దులిపినది ఎవరో మీకు చెప్పాలా? "ఏమన్న ఇప్పిన్రా అంకుల్" అని ఆ భూపాలపల్లి మనిషి మొట్టమొదట అడిగింది దాని గురించే. నెల రోజులు చోకు పిడి గుంజి "ముట్టలే" అన్న ఆ ఇరవై రెండేళ్ల పోరడు నాలోంచి ఎక్కడికీ పోలేదు, మీసం మాత్రం తెల్లబడింది. వాణ్ని తలుచుకుంటే ఇప్పుడు తిట్టాలనిపించదు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ నలభై పేజీలు చదివి వినిపించాలనిపిస్తుంది.

రేపు భూపాలపల్లి పోయి నిజం చెప్పి వస్తాను. చెవి పెట్టి వినడం నేర్పుతాను, నేర్చుకుంటానంటే. అంకుల్ అంటే మాత్రం ఊరుకోను. దసరా ఇంకెంతో దూరం లేదు, ఆ రోజు అతనికి బంగారం ఇవ్వాలి. చేతిలోనే పెడతాను.